ఒక్క రూపాయి హల్వా

శుక్రవారం సాయంత్రం లైవ్ సైటు మీద చెయ్యి పెట్టకూడదని మా టీములో అందరికీ తెలుసు. నేనూ పెట్టలేదు. స్టేజింగ్ మీదే, అంటే ముందుగా పరీక్షించుకునే నకలు సైటు మీదే, పెట్టాననుకున్నాను.

మాడుగుల హల్వా అమ్మే ఒక పెద్దాయనకి వెబ్‌సైటు చేస్తున్నాం. రుషికొండ ఆఫీసులో నేను, గాజువాకలో ఇంటి నుంచి పనిచేసే కుర్రాడు, హైదరాబాదులో మేనేజరు. స్టేజింగ్‌కి వేరే సర్వరు కావాలని ఆరు నెలలుగా మొత్తుకుంటున్నాను. "ఒకే మెషీన్లో రెండు ఫోల్డర్లు చాలవా?" అంటాడు మేనేజరు. రెండు సైట్లూ కవలపిల్లలే. పోనీ స్టేజింగ్ నెత్తిన ఓ ఎర్ర పట్టీ అయినా వేద్దామంటే, అదీ వచ్చే స్ప్రింటులో, అంటే తర్వాతి విడత పనిలోనట.

ఆ రోజు నా పని, ఫోన్లో తెలుగు వివరణ ఒత్తులు కింద తెగిపోతున్నాయేమో చూడటం. ఖాళీ నింపడానికి వాడే ఉత్తుత్తి లాటిన్, అదే లోరెమ్ ఇప్సమ్, పోస్తే ఏం తెలుస్తుంది, లాటిన్‌కి ఒత్తులుంటాయా? అందుకే 'టెస్ట్ హల్వా, ధర 1 రూపాయి' అని పెట్టి, కింద చేతికొచ్చింది కొట్టాను: "గోధుమ పాలు, నెయ్యి పోసి చేసిన ఈ హల్వా మా ఓనరు గారు బిల్లు కట్టినట్టే సాగుతుంది." ఒత్తులు భేషుగ్గా వచ్చాయి. టీకి వెళ్లాను.

తిరిగొస్తుంటే మెట్ల మీద ఫోను.

"ఏటి బాబూ, నాను బిల్లు సాగదీస్తన్నానా?"

గాజువాకకి ఫోన్ చేశాను. "స్టేజింగ్‌లో లాగిన్ అవట్లేదని పొద్దున్న లైవ్ ఎన్వ్ ఫైలు కాపీ కొట్టానన్నా" అన్నాడు వాడు, మార్కెట్లో కొత్తిమీర కొన్నంత తేలిగ్గా. సైటు ఏ డేటాబేసుకి వెళ్లాలో చెప్పేది ఆ ఫైలే. అంటే పొద్దుటి నుంచీ స్టేజింగ్‌లో ఏం రాసినా లైవ్ డేటాబేసులోకే పోతోందన్నమాట. కోడయితే పాత వెర్షన్లన్నీ దాచిపెట్టే గిట్‌లో ఒక్క కమాండుతో వెనక్కి తిప్పెయ్యొచ్చు, డేటాకి ఆ సుఖం లేదు. చేత్తో తీసేశాను.

"ఇంకా ఉంది బాబూ," అన్నారు పెద్దాయన.

ఉంటుంది. పేజీ త్వరగా తెరుచుకోవాలని దాని కాపీ ఒకటి 600 సెకన్లు క్యాష్‌లో దాచి ఉంటుంది. అది ఖాళీ చేసే పాస్‌వర్డు మేనేజరు ఒక్కడి దగ్గరే ఉంది. ఆయనేమో పెళ్లిలో ఉన్నాడు, ఫోనెత్తడు. ఇక్కడే నోరు జారాను.

"క్యాష్ క్లియర్ అవ్వాలి బాబాయ్ గారూ, అయిందంటే అదే పోతుంది."

అవతల నిశ్శబ్దం. వెనకాల ఎవరో కాటాలో బాట్లు వేస్తున్న చప్పుడు కూడా వినిపించింది.

"అంటే డబ్బులు కడితే గానీ తియ్యవన్నమాట."

"ఆ క్యాష్ కాదండీ..."

"మరెన్ని క్యాషులున్నాయి నీకాడ?"

బ్రౌజరుదొకటి, సర్వరుదొకటి, మధ్యలో సీడీఎన్ అనే దగ్గరి సర్వర్లది ఇంకొకటి అని నిజం చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "మూడు చోట్లా కట్టాలేటి!" అని ఆయన అరిచిన అరుపుకి పక్క క్యూబికల్లో అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి మరీ చూసింది. మిగతా ఏడు నిమిషాలూ ఆయన ఫోను పెట్టలేదు. పేజీ రిఫ్రెష్ చేసుకుంటూ, నేను రాసిన వాక్యాన్ని ప్రతిసారీ మొదటి నుంచీ చదివి వినిపిస్తూనే ఉన్నారు, 'సాగుతుంది' దగ్గర బాగా సాగదీస్తూ.

ఎట్టకేలకి పోయింది. అప్పుడు ఆర్డర్ల జాబితా తెరిచాను. నేను టీ తాగుతుండగా రూపాయి హల్వాకి పదకొండు ఆర్డర్లు పడ్డాయి. అయిదోది హైదరాబాదు నుంచి, 6.40కి, రెండు కేజీలు. పేరు చూస్తే, పెళ్లిలో ఫోనెత్తని మా మేనేజరు. ఫ్రీ డెలివరీ కూపను కూడా వాడుకున్నాడు.