దొరల రెక్కల కష్టం

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని చార్లెస్ సిటీ కౌంటీలో సిటీ లేదు. 1634లో ఏర్పడినా ఇంతవరకు అక్కడ ఒక పట్టణం వెలవలేదు. ఆ లోటును జేమ్స్ నది ఒడ్డున ఉన్న పాత భవంతులు తీరుస్తున్నాయి. వాటిని కట్టిన దొరల రెక్కల కష్టాన్ని లోకం గుర్తించలేదన్నదే నా బాధ.

బర్క్‌లీ భవనాన్నే తీసుకోండి. 1726లో బెంజమిన్ హారిసన్ కట్టాడని చరిత్ర. మట్టి తొక్కడం, అచ్చు తీయడం, బట్టీ పేర్చి కాల్చడం, ఇటుకలు నెత్తిన మోయడం, అన్నీ ఆ మహానుభావుడే! విందులకు వెళ్లే తీరిక ఎలా దొరికిందో మరి. పక్క తలుపు మీది రాతిలో ఆ సంవత్సరంతో పాటు భార్యాభర్తల పేర్ల మొదటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇంకెవరి అక్షరమూ లేదు. అంటే ఇంకెవరూ చెయ్యి వెయ్యలేదనేగా!

షర్లీలో కార్టర్ల ఇల్లు ఇంకా అబ్బురం. వాల్‌నట్ చెక్క మెట్లు మూడంతస్తులు ఎక్కుతాయి, కింద ఒక్క ఊతమూ కనిపించదు. ఆ వంశమూ అంతే. ఇటుకలతో కట్టిన వంటిల్లు, బట్టలుతికే ఇల్లు వేరుగా నేటికీ ఉన్నాయి. పొయ్యి ఊది కళ్లు ఎర్రబడినవారు, గంజి కాచి చేతులు పగిలినవారు దొరసానులే అయి ఉండాలి.

అధ్యక్షుడు జాన్ టైలర్ 1842లో ఒక ఇల్లు కొని, 300 అడుగుల పొడవుకు సాగదీశాడు. సొంత పార్టీ తనను వెలివేసిందని రాబిన్‌హుడ్ అడవి పేరే దానికి పెట్టుకున్నాడు: షేర్‌వుడ్ ఫారెస్ట్. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టడం రాబిన్‌హుడ్ పద్ధతి. బానిసలను ఉంచుకున్న ఇంట్లో సొమ్ము అటునుంచి ఇటు వచ్చింది, అంతే తేడా.

ఇక తొలి వలస సంగతి. 1619లో ఇంగ్లాండు నుంచి వచ్చి బర్క్‌లీలో దిగినవాళ్లు ఆ రోజును ఏటా, శాశ్వతంగా దేవుడికి కృతజ్ఞతలు చెప్పే దినంగా పాటించాలని ఆదేశం. ఆ శాశ్వతత్వం 1622లో స్థానిక తెగలవారైన పౌహటన్ల దాడితో ముగిసింది. ఆ నేల మీద ముందునుంచీ ఉన్నవారిని ఎవరూ అడగలేదు మరి. కౌంటీలో ఇప్పటికీ నివసిస్తున్న చికహోమినీలను తెగగా కేంద్ర ప్రభుత్వం గుర్తించింది 2018లో. తొందరపాటు నిర్ణయాలు మంచివి కావు కదా.

అన్నట్టు, బర్క్‌లీ హారిసన్ గారి అబ్బాయి 1776లో, మనుషులంతా సమానులుగా పుట్టారన్న అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. అదే కౌంటీలో బానిసగా పుట్టిన లాట్ కేరీ 1813లో తనకూ పిల్లలకూ స్వేచ్ఛను 850 డాలర్లకు కొనుక్కున్నాడు. ప్రకటనలో ధర వేయడం మరిచిపోయినట్టున్నారు.