అరిగిపోయింది రికార్డు కాదు

చెప్పిందే చెప్పే మనిషిని మనం ‘అరిగిపోయిన రికార్డు’ అంటాం. అమెరికా నల్లజాతి గాయకుల పాత సోల్ పాటలకు రాత్రంతా నాట్యమాడే, ఉత్తర ఇంగ్లాండులో పుట్టిన నార్తర్న్ సోల్ అభిమానుల మధ్య మాత్రం అది అక్షరాలా రికార్డు మీదే వచ్చే ఫిర్యాదు. ఏ ఊళ్లో ఏ రాత్రి నాట్యసభకు వెళ్లినా అవే వంద, రెండు వందల పాటలు వినిపిస్తున్నాయని పాత కాపులు వాపోతారు. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్లు తమకు తెలిసిన పాటనే అడుగుతారని నిర్వాహకులు బదులిస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయినా నా దృష్టిలో ఈ తగవు అసలు నష్టాన్ని పక్కన పెట్టి నడుస్తోంది.

ఈ సంగీతం ఎలా పోగుపడిందో చూస్తే ఆ నష్టం అర్థమవుతుంది. 1960లలో మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్ క్లబ్బులో తెల్లవార్లూ నాట్యమాడిన కార్మిక కుటుంబాల యువకులకు, డెట్రాయిట్, షికాగో నగరాల నల్లజాతి గాయకుల వేగవంతమైన పాటలంటే ప్రాణం. లండన్‌లో రికార్డుల దుకాణం నడిపిన డేవ్ గాడిన్, ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కోసం ఉత్తరాది నుంచి వచ్చే కుర్రాళ్లు అమెరికాలో కొత్తగా వస్తున్న, బరువైన దరువుల ఫంక్ బాణీని పట్టించుకోకుండా పాత తరహా పాటలే అడగడం గమనించి, ఆ అభిరుచికి ‘నార్తర్న్ సోల్’ అని పేరు పెట్టాడు. 1970లో పత్రికలో రాయడంతో ఆ పేరు స్థిరపడింది. వాళ్లు ప్రేమించిన పాటల్లో చాలావాటిని అమెరికా మార్కెట్ ఏనాడో తిరస్కరించింది. చిన్న కంపెనీలు కొన్ని వందల ప్రతులు వేసి, అమ్ముడుపోక గోదాముల్లో వదిలేసిన ఏడంగుళాల రికార్డులవి. కొత్త పాటలు తయారుకాని చోట, పాత పాటల్లో ఎవరూ విననిదాన్ని వెతికి తేవడమే సృజన అయింది. పోటీ డీజేలు ఆనవాలు పట్టకుండా లేబుల్ మీద కాగితం అంటించి, గాయకుడికి దొంగ పేరు పెట్టి వాయించే ‘కవర్-అప్’ పద్ధతి అందులోంచే వచ్చింది.

ఫ్రాంక్ విల్సన్ పాడిన ‘డూ ఐ లవ్ యూ’ కథ అరుదైనదే అలవాటైపోయే ఈ వైరుధ్యాన్నంతా ఒక్క పళ్లెంలో పెట్టి చూపిస్తుంది. 1965లో డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ దాన్ని నమూనా ప్రతుల దశలోనే ఆపేసింది. విల్సన్ గాయకుడిగా కొనసాగకుండా నిర్మాతగా స్థిరపడ్డాడు. వేళ్ల మీద లెక్కించదగిన ప్రతులే మిగిలాయి. 1970లలో ఒకటి ఇంగ్లాండు చేరి, ఎడ్డీ ఫోస్టర్ అనే మారుపేరుతో మోగింది. 1979లో అక్కడ అధికారికంగా విడుదలయ్యాక ఎవరైనా కొనుక్కోగలిగే పాట అయింది. 1981 డిసెంబర్ 6న విగన్ పట్టణంలో ఈ సంగీతానికి పేరుపడ్డ నాట్యశాల విగన్ కాసినో మూతపడిన రోజు అక్కడ మోగిన చివరి పాట అదే. 2009లో ఒక అసలు ప్రతి 25 వేల పౌండ్లకు పైగా పలికింది. వస్తువుగా అంత అరుదైనది, శబ్దంగా చెవులకు అంత అలవాటైనది మరొకటి లేదు. ఆ పాట తొలి అయిదు సెకన్లకే నాట్యమాడే నేలంతా నిండిపోతుంది. అరిగిపోయిందని దాన్ని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే ఈరోజు మొదటిసారి వినే ఇరవై ఏళ్ల అమ్మాయికి అది 1965 నాటి పాట కాదు, ఈ రాత్రి పాట.

కొలమానాలు మారడం ఇప్పటి విషయమేమీ కాదు. 1970ల మధ్యలో బ్లాక్‌పూల్ మెక్కా హాలులో ఇయాన్ లెవీన్, కోలిన్ కర్టిస్ అప్పుడప్పుడే విడుదలైన నెమ్మది పాటలు వేయడం మొదలుపెడితే, ఇది ద్రోహమన్నవాళ్లు ఉన్నారు. అదే కాలంలో కాసినోలో వేగమే గీటురాయి అయింది. కాలికి అడుగు అందితే చాలన్నట్టు సోల్‌తో సంబంధంలేని పాప్ పాటలూ చొరబడ్డాయి, ‘విగన్’ పేరు తగిలించుకున్న బృందాలు 1975లో జాతీయ చార్టులకెక్కాయి. నా మటుకు నాకు ఈ చరిత్రలో ఎక్కువ గౌరవం స్టాఫర్డ్ పట్టణం మీద. కాసినో తర్వాత, 1982 నుంచి 86 దాకా అక్కడి టాప్ ఆఫ్ ది వరల్డ్ హాలులో గై హెనిగన్, కెబ్ డార్జ్ వంటి డీజేలు కాసినో పాటలను పక్కనపెట్టి, అప్పటిదాకా ‘ఆడటానికి పనికిరావు’ అనుకున్న 1960ల మధ్యలయ పాటలను, బరువైన విషాదగీతాలను ముందుకు తెచ్చారు. నేల ఖాళీ అవుతుందని తెలిసీ వేశారు. వింటూ వింటూ జనం ఆ లయకు అడుగు నేర్చుకున్నారు. ప్రమాణం మారడమంటే దిగజారడమేనని నమ్మేవాళ్లు ఈ నాలుగేళ్లను గుర్తు చేసుకోవాలి.

ఇక లెక్కకు వద్దాం. ఒక్కో పాట సుమారు రెండున్నర నిమిషాలు. గంట సమయమిచ్చిన డీజేకి ఇరవై రెండో, ఇరవై మూడో పాటలు పడతాయి. అందులో ఇరవై అందరికీ తెలిసినవైతే మిగిలేది రెండు మూడు. అతివాయింపు వల్ల వాయించిన పాటకు పోయేదేమీ లేదు, డీజే రికార్డుల పెట్టెలోంచి బయటికి రాని పాటకే అన్యాయం. అది ఒకసారి మార్కెట్‌లో ఓడిపోయింది, తనను బతికించాల్సిన చోటే రెండోసారి ఓడిపోతోంది. దీనికి విరుగుడుగా కొందరు అసలు ముద్రణ రికార్డులే వాయించాలనే నియమాన్ని బిగిస్తారు. నకిలీ ముద్రణలను అడ్డుకోవడానికి, వెతికినవాడి శ్రమను గౌరవించడానికి అది అవసరమే. కానీ ఆ నియమం ఒక్కటే చెవికి కాపలా కాయలేదు. ధరే గుణమైపోతే, పది పౌండ్ల మంచి పాట పెట్టె అడుగున ఉండిపోయి, వెయ్యి పౌండ్ల నాసిరకం పాట పైకొస్తుంది. అటువంటి పాటలు ఎన్నో సభల్లో వినిపిస్తూనే ఉన్నాయి.

నేను నిర్వాహకులను కోరేది చిన్నది. అర్ధరాత్రి దాటాక నేల నిండుగా ఉండే వేళలో ఒక గంటను తెలియని పాటలకు కేటాయించండి, సాయంత్రం మొదట్లో హాలు ఖాళీగా ఉన్నప్పుడు కాదు. తెలియని పాట మొదలవగానే సగంమంది బల్లల వైపు నడుస్తారు. మిగిలిన నలుగురైదుగురు పాదం సులువుగా జారడానికి టాల్కం పౌడర్ చల్లిన చెక్కనేల మీద తల వంచుకుని, లయ ఎక్కడ విరుగుతుందో వెతుక్కుంటూ మెల్లగా అడుగు వేస్తారు. రెండో చరణానికి ఒకరి మడమ సరిగ్గా పడుతుంది. పాట ముగిశాక వాళ్లలో ఒకరు డీజే బల్ల దగ్గరికి వచ్చి, తిరుగుతున్న లేబుల్ మీదికి వంగి పేరు చదవబోతారు.