అంపైర్స్ కాల్ తీసేస్తే న్యాయం జరుగుతుందా?

పెద్ద మ్యాచ్‌లో ఒక ఎల్బీడబ్ల్యూ (కాలు అడ్డురాకపోతే బంతి వికెట్లను తాకేదని ఇచ్చే ఔట్) రివ్యూ అటూఇటూ అయితే చాలు, మర్నాడు ఫోన్ల నిండా ఇదే మాట: "బంతి వికెట్లకు వెంట్రుకవాసి తగిలినా ఔటే. టెక్నాలజీ కళ్లెదుట చూపిస్తుంటే మధ్యలో అంపైర్స్ కాల్ ఏంటి? తీసేయండి." (బంతి వికెట్లను అంచున మాత్రమే తాకుతుందని టెక్నాలజీ చూపినప్పుడు మైదానంలోని అంపైర్ ఇచ్చిన నిర్ణయాన్నే ఉంచడం అంపైర్స్ కాల్.) సచిన్ టెండూల్కర్ అంతటి ఆటగాడు కూడా ఇదే అన్నాడు కాబట్టి కొట్టిపారేయలేం. అయినా ఈ వాదన తప్పని నా గట్టి నమ్మకం.

టెక్నాలజీ "చూపిస్తోంది" అనడంలోనే పొరపాటుంది. కెమెరాలు చూసేది బంతి ప్యాడ్‌కు తగిలేదాకానే. ఆ తర్వాత గీసేదంతా అంచనా. బంతి పిచ్ అయ్యాక కాస్త దూరం ప్రయాణించి తగిలితే ఆ అంచనా గట్టిగానే ఉంటుంది. పిచ్ అయిన వెంటనే తగిలితే ఎంత తిరిగింది, ఎంత లేచింది అన్నది పట్టుకోవడానికి దొరికేవి కొద్ది ఫ్రేములే. టీవీలో మాత్రం రెండింటికీ ఒకేలాంటి నున్నటి గీత. జనం మోసపోతున్నది ఆ గీత దగ్గర, రూల్ దగ్గర కాదు.

ఇక "తగిలితే చాలు" అన్న మాట. మూడు స్టంపుల వెడల్పు 22.86 సెంటీమీటర్లు, బంతి అడ్డుకొలత సుమారు 7.2. అంపైర్ ఇచ్చిన నాటౌట్ మారాలంటే ఇప్పుడు సగం బంతైనా వికెట్ల మీదకు రావాలి, అంటే బంతి నడిమధ్య ఆ 22.86 లోపల ఉండాలి. రాసుకుంటూ పోయినా ఔటే అంటే ఆ చోటు 30 సెంటీమీటర్లు దాటుతుంది. బౌలర్‌కు వికెట్‌ను దాదాపు మూడోవంతు ఎక్కువ వెడల్పు చేసి ఇచ్చినట్టు. అదీ అంచనాను అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సిన అంచుల్లో!

"ఒకేలాంటి బంతికి ఒకరు ఔట్, ఒకరు నాటౌట్ ఎలా?" అంటారు. 2023 వరల్డ్ కప్‌లో పాకిస్తాన్, దక్షిణాఫ్రికా ఆడిన చెన్నై మ్యాచ్ దీనికి ఉదాహరణగా చూపిస్తారు. దక్షిణాఫ్రికా చివరి జోడీ క్రీజులో ఉండగా పాకిస్తాన్ బౌలర్ హారిస్ రవూఫ్ బంతికి షంసీ అంపైర్స్ కాల్‌తో బతికిపోయాడు. పాకిస్తాన్ ఒక్క వికెట్ తేడాతో ఓడింది. కానీ అదే ఇన్నింగ్స్‌లో దక్షిణాఫ్రికా బ్యాటర్ వాన్ డెర్ డసెన్ అంపైర్స్ కాల్‌తోనే ఔటయ్యాడు. దాని గురించి ఎందుకు మాట్లాడరు? మిషన్ ఖాయంగా తేల్చలేని చోట ఎవరో ఒకరి మాట నిలబడాలి. బంతిని మొదటినుంచీ చూసిన అంపైర్ మాట నిలవడమే సబబు.

అంపైర్స్ కాల్ వస్తే జట్టుకున్న కొద్ది రివ్యూల్లో ఒకటి వృథా అవుతుందన్నది పాత సంగతి. 2017 నుంచి అంపైర్స్ కాల్ వస్తే రివ్యూ పోదు.

"అంపైర్ల తప్పులు ఉండకూడదనే కదా డీఆర్ఎస్ (ఈ రివ్యూ పద్ధతి)?" అవును, కానీ ఎలాంటి తప్పులు? 2008లో భారత్‌తో సిడ్నీ టెస్టులో 30 పరుగుల దగ్గర ఆస్ట్రేలియా బ్యాటర్ సైమండ్స్ బ్యాట్ అంచుకు తగిలిన బంతిని కీపర్ పట్టాడు. అంపైర్ బక్నర్ నాటౌట్ అన్నాడు, సైమండ్స్ 162తో అజేయంగా నిలిచాడు. అలాంటివి దిద్దడానికే ఇది. వెంట్రుకవాసి తగువులు తీర్చడానికి కాదు. 2021లో అనిల్ కుంబ్లే నాయకత్వంలోని ఐసీసీ కమిటీ అంపైర్స్ కాల్‌ను ఉంచింది ఈ ఆలోచనతోనే.

మార్చాల్సింది ఒకటుంది. ప్యాడ్‌కు బంతి ఎక్కడ తగిలింది, వికెట్ల వరసలోనేనా అన్నది కెమెరా చూసిందే, ముందుకు పొడిగించిన అంచనా కాదు. అక్కడ కూడా సగం బంతి లెక్క పెట్టడానికి బలమైన కారణం నాకు కనబడదు. అంపైర్స్ కాల్ తీసేయమని అడిగేవాళ్లు ఆ ఒక్కచోట తీసేయమని అడిగితే నేనూ గొంతు కలుపుతాను.