నాలుగు రంధ్రాలు కలిస్తే చక్రం కుదిరినట్టేనా?

బయటి అల్లాయ్ వీల్స్ (కంపెనీవి కాని, అల్యూమినియం మిశ్రమంతో చేసిన చక్రాలు) వేయించుకునేవాళ్లకు చిట్కాలంటూ ఒక మెసేజ్ ఈ మధ్య అనంతపురంలో తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపినారు. అందులో ఉన్నది ఇంతే: బోల్టు రంధ్రాలు కలిస్తే ఏ అల్లాయ్ అయినా సరిపోతుంది. స్టీరింగు వణికితే బ్యాలెన్సింగు (చిన్న బరువు ముక్కలు, అంటే వెయిట్లు, అతికించి చక్రం బరువును చుట్టూ సమానం చేయడం) సరిగ్గా చేయలేదని అర్థం, మళ్లీ చేయించండి. నట్లు గాలి గన్నుతో ఎంత బిగిస్తే అంత భద్రం. మసకబారితే బాత్రూం యాసిడ్‌తో కడగండి, రిమ్ము వంగితే గ్యాస్ మంట మీద కొట్టించండి. వంద కిలోమీటర్లు తిరిగినాక నట్లు ఇంకోసారి చూసుకోండి.

ఈ చివరి మాట ఒక్కటే నిజం. మిగతావాటిలో మొదటి రెండు నా జేబుకే చిల్లు పెట్టినాయి కాబట్టి వాటితోనే మొదలుపెడతా.

రంధ్రాలు కలవడం అంటే ఏంది? స్విఫ్ట్‌కు నాలుగు స్టడ్‌లు (నట్లు ఎక్కే మరల కడ్డీలు), వాటి మధ్యగుండా గీసిన వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. కొన్ని ఫియట్ కార్ల చక్రాలకూ రంధ్రాలు నాలుగే, కానీ వృత్తం 98. కంటికి ఈ రెండు మిల్లీమీటర్లు కనబడవు. బలవంతం చేస్తే చక్రం ఎక్కి కూర్చున్నట్టే ఉంటుంది కూడా. స్విఫ్ట్ డీజిల్‌లో ఉండింది ఫియట్ ఇంజనే కదా అని చక్రాలు కూడా మార్చుకోవచ్చనుకుంటే నట్లు పక్కకు ఒరిగి, స్టడ్‌లు లోలోపలే వంగుతాయి.

అది సరిగ్గా కలిసినా పని సగమే అయినట్టు. చక్రం నడుమ ఇంకో పెద్ద రంధ్రం ఉంది, దాన్ని ఎవరూ కొలవరు. ఆ రంధ్రం ఎక్కి కూర్చునే కారు వైపు గుండ్రటి భాగమే హబ్బు, స్విఫ్ట్‌కు అది 54.1 మిల్లీమీటర్లు. కంపెనీ చక్రం దాని మీద అచ్చం గిన్నెకు మూత మాదిరి కూర్చుంటుంది. బయటి అల్లాయ్ తయారుచేసేవాళ్లు ఒకే చక్రాన్ని పది రకాల కార్లకు అమ్ముకోవాలి గనక నడిమి రంధ్రం పెద్దదిగా, 67.1 గానీ 73.1 గానీ పెడతారు. ఆ సందును పూడ్చడానికి ప్లాస్టిక్‌దో అల్యూమినియందో ఒక రింగు వస్తుంది. కొత్త డబ్బాలో వస్తేనే సగం షాపుల్లో పక్కన పారేస్తారు. నేను బెంగళూరు నుంచి తెచ్చుకున్నది సెకండ్ హ్యాండ్ సెట్టు, ఇంక రింగు మాట ఎవరెత్తుతారు?

బిగించుకున్న మర్నాడే కర్నూలుకు బయలుదేరినాను. పామిడి దాటి 80 అందుకోగానే స్టీరింగు వణుకు. గుత్తి చేరేసరికి చేతులు తిమ్మిరెక్కినాయి. తిరిగొచ్చి బ్యాలెన్సింగు చేయించినా, తగ్గలేదు. ఇంకో షాపుకు పోయినా, వాళ్లు ఇంకొన్ని వెయిట్లు అతికించినారు. మూడోసారి ఆ పిల్లోడు మిషను తెర చూపించి, "అన్నా, ఈడ సున్నా చూపిస్తాండాది. ఇంగ నేనేం జేసేది?" అన్నాడు. ఆ పిల్లోడు చెప్పింది అబద్ధం కాదు. మెసేజ్ రాసినాయన దృష్టిలో మాత్రం తప్పు వాడిదే.

మిషను మీద చక్రాన్ని నడిమి రంధ్రంలోకి కోను దూర్చి పట్టిస్తారు. అంటే చక్రం తన అసలు కేంద్రం చుట్టూ తిరుగుతుంది. కారు మీద రింగు లేకపోతే ఆ చక్రాన్ని నడుమకు తెచ్చేది నట్ల అడుగున ఉండే కోను ఒక్కటే. జాకీ మీద, చక్రం గాల్లో ఉండగా, ఎదురెదురు నట్లను కొంచెం కొంచెంగా బిగిస్తే అవి చాలావరకు సరిగ్గానే తెస్తాయి. కానీ మన షాపుల్లో జరిగేది వేరు. రెండు నట్లు తగిలించి, జాకీ దించి, బరువంతా చక్రం మీద పడినాక గన్ను పెడతారు. అప్పటికే చక్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగి ఉంటుంది.

అర మిల్లీమీటరే గదా అంటారా? టైరుతో కలిపి చక్రం 16 కిలోలనుకోండి. అంత బరువు అర మిల్లీమీటరు పక్కకు జరగడమంటే 15 అంగుళాల రిమ్ము అంచున 40 గ్రాముల వెయిట్ ఒకవైపే అతికించడంతో సమానం. 100 కిలోమీటర్ల వేగంలో అది ఆరు కిలోలకు పైగా బలంతో, సెకనుకు 14 సార్లు లాగుతుంది. మిషను మీద సున్నా, రోడ్డు మీద ఆరు కిలోలు. వెయిట్లు ఎన్ని అతికించినా ఈ లెక్క తీరదు, ఎందుకంటే తేడా చక్రంలో లేదు, అది కూర్చున్న చోట ఉంది.

నాలుగో మెకానిక్ వెర్నియర్ కాలిపర్ తీసి హబ్బు కొలిచినాడు. రింగులు తెప్పించి, లోపల పొరలు పొరలుగా అతికిన వెయిట్లన్నీ గీకేసి మళ్లీ మొదటి నుంచి చేసినాడు. ఆ గీకేసిన పొరల్లో పావు వంతు కూడా మళ్లీ అవసరం పడలేదు. రింగు బరువు మోయదు సుమా, మోసేది నట్ల బిగువే. చక్రం బిగుసుకునేదాకా దాన్ని నడుమ నిలబెట్టడమే రింగు పని.

వణుకుకు ఇంకో కారణం మన నేలే. విడపనకల్లు, ఉరవకొండ వైపు వానలో నల్లరేగట్లో పోయి వస్తే రిమ్ము లోపలి గోడకు మట్టి పట్టి ఎండిపోతుంది. పిడికెడు మట్టి వంద గ్రాములు తూగుతుంది. బ్యాలెన్సింగుకు డబ్బులిచ్చే ముందు చక్రం లోపల చెయ్యి పెట్టి చూడండి. వణుకు స్టీరింగులో ఉంటే ముందు చక్రాలు, సీట్లో ఉంటే వెనక చక్రాలు అని మొదటి అనుమానం. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వస్తే అది బ్రేకు డిస్కు సంగతి.

ఆ డిస్కే మూడో చిట్కా బాధితురాలు. గన్నుతో అదిమి బిగిస్తే స్టడ్ సాగుతుంది, హబ్బుకూ చక్రానికీ నడుమ ఉండే డిస్కు మీద ఒత్తిడి ఎగుడుదిగుడు అవుతుంది. చిన్న కార్లకు నట్టు బిగువు సుమారు 100 న్యూటన్ మీటర్లు, కచ్చితమైన అంకె కారు పుస్తకంలో ఉంటుంది. టార్క్ రెంచీ (బిగువును కొలిచి బిగించే రెంచీ) లేని టైర్ల షాపులో స్టెప్నీ కూడా మార్పించను నేను. ఇక నట్లు కూడా అన్నీ ఒకటి కావు. మారుతికి మర పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.25 మిల్లీమీటర్లు, హ్యుందాయ్‌కి 1.5. ఒకదాన్ని ఇంకోదానికి పెడితే రెండు చుట్లు తిరిగి ఇరుక్కుంటుంది, గన్ను మాత్రం ఇరుకును కూడా బిగువే అనుకుంటుంది. హోండా నట్టు అడుగు గుండ్రం, బయటి అల్లాయ్ ఎక్కువగా కోరేది 60 డిగ్రీల కోను. గుండ్రటిది కోనులో కూర్చుంటే తగిలేది సన్నటి గీత మేరే.

యాసిడ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. మీరు చూసి మురిసే మెరుపు అల్యూమినియంది కాదు, దాని మీద పూసిన రంగులేని క్లియర్ కోట్‌ది. ఆ పొరలో కంకర రాయి తగిలి పడిన చిన్న గాటు చాలు, యాసిడ్ లోపలికి దిగి, తుప్పు తెల్లటి దారాల్లాగా పాకుతుంది. మెషిన్ కట్ ఫినిషు (లోహాన్నే చెక్కి మెరిపించినది) అయితే మరీ తొందరగా. మా బోరు నీళ్లు కూడా తక్కువవి కావు, ఎండలో కాలిన చక్రం మీద ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి. చక్రం చల్లబడినాక, నీడలో, కారు షాంపూతో కడిగి వెంటనే తుడవడమే.

గ్యాస్ మంట మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. అల్లాయ్‌కి గట్టితనం ఫ్యాక్టరీలో కొలత ప్రకారం ఇచ్చిన వేడి వల్ల వచ్చింది. పంచరు షాపు మంట ఆ గట్టితనాన్ని తినేస్తుంది. ఇనుమైతే ఎర్రబడి చెప్తుంది, అల్యూమినియం పగటి వెలుతురులో రంగు మారకుండానే మెత్తబడిపోతుంది. గుండ్రంగా అయింది కదా అని మురిసిపోతే తర్వాతి గుంతలో పగులుతుంది.

నిజమని ఒప్పుకున్న ఆఖరి చిట్కా ఎందుకు నిజమో మెసేజ్‌లో లేదు. రింగుల తర్వాత నాకు ఆశ పెరిగి అల్లాయ్‌లకు పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడితో అంటించే పెయింటు) వేయించినా. వేసినాయన నట్లు కూర్చునే గుంటలనూ, హబ్బుకు ఆనుకునే వెనక ముఖాన్నీ కప్పకుండా అంతటా పూసేసినాడు. నట్టు బిగిసింది లోహం మీద కాదు, ఆ పొర మీద. పొర నలిగేకొద్దీ బిగువు సడలుతుంది. వంద కిలోమీటర్ల తర్వాత రెంచీ పెట్టి చూస్తే, ఎడమ ముందు చక్రానికి రెండు నట్లు పావు చుట్టు చొప్పున తిరిగినాయి. నాలుగు చక్రాలూ విప్పి, గుంటల్లో పెయింటు గీకించి, మళ్లీ బిగించుకున్నా.