‘ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి’

అరెస్టు విషయంలో మన చట్టాలు, కోర్టులు చాలానే చెప్పాయి. కారణాలు తెలపాలి, బంధువులకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అయితే ఇవన్నీ అరెస్టు కాగితాల మీదకు ఎక్కాకే పనికొస్తాయి. మామూలు మనిషికి చిక్కు అంతకు ముందే మొదలవుతుంది. కానిస్టేబుల్ ఫోను చేసి, ‘ఎస్సైగారు రమ్మంటున్నారు, ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి’ అంటాడు. ఏ కేసులోనో, సాక్షిగానో నిందితుడిగానో చెప్పడు. వెళ్లినవాడు బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుంటాడు. అతన్ని అరెస్టు చేయలేదు కాబట్టి ఏ గడియారమూ నడవదు.

చట్టం ఇలాంటి పిలుపును ఊహించలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం సాక్షిగా పిలవాలంటే 179వ సెక్షన్ కింద రాతపూర్వక ఆదేశం ఉండాలి. అది కూడా ఆ స్టేషన్ పరిధిలో గానీ పక్క స్టేషన్ పరిధిలో గానీ ఉన్నవారికే. మహిళలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 దాటినవారిని, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వారి ఇంటి దగ్గరే ప్రశ్నించాలి. అనుమానితుడిని అరెస్టు చేయకుండా పిలిపించాలంటే 35(3) నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. నోటీసు చేతికి అందిందంటే మాత్రం వెళ్లి తీరాలి. ఎగ్గొడితే అదే అరెస్టుకు కారణమవుతుంది. అందువల్ల ఫోను వచ్చినప్పుడు ‘వస్తానండీ, నోటీసు ఇప్పించండి’ అనడం ధిక్కారం కాదు. ఎస్సైకి కోపం రావచ్చు, అది వేరే సంగతి.

న్యాయవాది విషయానికి వద్దాం. 1977లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథిని కటక్‌లోని విజిలెన్స్ పోలీసు స్టేషన్‌కు పిలిపించి, ప్రశ్నల చిట్టా చేతిలో పెట్టారు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెబుతోంది కదా అని ఆమె జవాబివ్వలేదు. జవాబివ్వనందుకే కేసు పెట్టారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ కేసును కొట్టివేయడంతో ఆగలేదు. ఆ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసులు ప్రశ్నించే గదిలోనూ వర్తిస్తుందని, న్యాయవాది ఉండాలని కోరితే కాదనకూడదని, అసలు మహిళను స్టేషన్‌కు పిలవడమే తప్పని చెప్పింది.

తర్వాత ముప్పై ఏళ్లకు పార్లమెంటు ఈ హక్కును చట్టంలో రాసింది గానీ కత్తిరించి రాసింది. అరెస్టయిన వ్యక్తి విచారణ సమయంలో న్యాయవాదిని కలవవచ్చు, కానీ విచారణ మొత్తం న్యాయవాది పక్కన ఉండరాదు. పాత కోడ్‌లోని ఆ 41-డి సెక్షనే 2024 జులై నుంచి కొత్త సంహితలో 38వ సెక్షన్‌గా కొనసాగుతోంది. నోటీసు మీద వెళ్లినవారి ప్రస్తావన అందులో లేదు. ఆ ఖాళీని కోర్టులు ఏ కేసుకు ఆ కేసుగా పూడుస్తున్నాయి. 2025 జనవరిలో ఫార్ములా-ఈ కేసులో ఏసీబీ విచారణకు వెళ్లిన మాజీ మంత్రి కె. తారకరామారావు, న్యాయవాదిని లోపలికి రానివ్వకపోవడంతో వెనుదిరిగారు. తెలంగాణ హైకోర్టుకు వెళ్తే, కనిపించేంత దూరంలో న్యాయవాది కూర్చోవచ్చని అనుమతి దొరికింది. కేసులో నిజానిజాలు ఎలా ఉన్నా, మాజీ మంత్రికే హైకోర్టు ఆదేశం కావలసి వస్తే లారీ డ్రైవరు ఏ కోర్టుకు వెళ్తాడు?

పైగా ‘కనిపించేంత దూరం’ అనేది సగం రక్షణే. దెబ్బలు పడకుండా అది కాపాడుతుంది. మాటలు ఎలా రాబడుతున్నారో, ఏం రాసుకుంటున్నారో అద్దం అవతల ఉన్న న్యాయవాదికి వినపడదు. మన రెండు రాష్ట్రాల్లో అసలు పని జరిగేది ఆ కాగితాల మీదే. రిమాండ్ రిపోర్టు తిరగేస్తే మధ్యవర్తుల సమక్షంలో రాసిన నేరాంగీకార పంచనామా ఒకటి ఉంటుంది. నిందితుడు తన పేరు, ఊరు మొదలుకొని నేరం చేసిన తీరు దాకా, దర్యాప్తు అధికారి భాషలో, పూసగుచ్చినట్టు చెప్పేసి ఉంటాడు. పోలీసు ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని, దాని ఆధారంగా వస్తువేదైనా దొరికితే అంతవరకే లెక్కలోకి వస్తుందని సాక్ష్య చట్టం అంటుంది. మర్నాటి పత్రికల్లో మాత్రం ‘నేరం అంగీకరించిన నిందితుడు’ అనే శీర్షిక వచ్చేస్తుంది. ఈ విషయంలో మా పత్రికల వాళ్ల పాపమూ తక్కువేమీ కాదు. ఇంకో మాట: దర్యాప్తులో పోలీసులు నమోదు చేసే వాంగ్మూలం మీద చెప్పినవారి సంతకం తీసుకోకూడదని సురక్షా సంహితలోని 181వ సెక్షన్ అంటోంది. తెల్ల కాగితం మీద సంతకం సంగతి చెప్పనే అక్కర్లేదు.

న్యాయవాది పక్కన ఉంటే దర్యాప్తు ముందుకు సాగదని అధికారులు అంటారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయను. పేరు, చిరునామా కూడా చెప్పొద్దని నేర్పే వకీళ్లూ ఉన్నారు. తనను నేరంలో ఇరికించే జవాబు ఇవ్వకపోవడానికి రక్షణ ఉంది, అబద్ధం చెప్పడానికి లేదు. కానీ న్యాయవాది వింటుంటేనే చెదిరిపోయే ఒప్పుకోలు కోర్టులో ఎంతకాలం నిలుస్తుంది?

ప్రజల వైపూ ఒక అలవాటు ఉంది. ‘తప్పు చేయనివాడికి లాయరెందుకు?’ అనే మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. కానీ ఒంటరిగా వెళ్లరు. తెలిసిన నాయకుడిని వెంటబెట్టుకుని వెళ్తారు. నాయకుడు రాజీ కుదురుస్తాడు, రాజీకి ధర ఉంటుంది, రికార్డు ఉండదు. విచారణ ఎలా ఉండాలో ఇంత తెలియకపోబట్టే, వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి ‘డిజిటల్ అరెస్టు’ అనేవాడికి రిటైర్డ్ ఉద్యోగులు సైతం జీవితకాలపు పొదుపు ధారపోస్తున్నారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదు.

మండల కేంద్రంలో రాత్రి తొమ్మిదింటికి న్యాయవాది దొరకడం కష్టమే. అయితే మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందించాలని 1987 నాటి చట్టం చెబుతోంది. అరెస్టుకు ముందు దశ నుంచే ఈ సహాయం అందాలని జాతీయ న్యాయ సేవల సంస్థ 2019లోనే విధివిధానాలు తెచ్చింది. హెల్ప్‌లైన్ నంబరు 15100. 35(3) నోటీసు మీద కేసు నంబరు, హాజరు కావలసిన తేదీ ఎలాగూ వేస్తారు. వాటి కింద ఈ అయిదు అంకెలు అచ్చు వేయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, డీజీపీ కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ చాలు.