నాలుగో అనాసపువ్వు

(పర్లాకిమిడిలో ఒక ఉమ్మడి కుటుంబం. ఎల్లుండి మామగారి షష్టిపూర్తి. వంటింటి గట్టు మీద అత్తమామల పెళ్లి ఫొటో, కొయ్య ఫ్రేము, జిగురు సీసా, మూతలు తీసిన డబ్బాలు. పెద్ద కోడలు అన్నపూర్ణ, చిన్న కోడలు లలిత.)

అన్నపూర్ణ: సామానంతా పరిచావేమిటి? ఏం వండుతున్నావు?

లలిత: వంట కాదక్కా. ఈ ఫ్రేముకి అలంకారం. మూలలకి అనాసపువ్వులు, అంచుకి లవంగాలు, మధ్యలో పెసలూ కందిపప్పూ.

అన్నపూర్ణ: ఫొటోకా, పులావుకా? సరిహద్దు దాటి పాతపట్నం వెళ్తే మంచి ఫ్రేము దొరకదా? అంత దూరమెందుకు, ఊళ్లోనే కొమ్ముపని వాళ్లున్నారు.

లలిత: కొన్నది ఎవరైనా ఇస్తారు. మన జిల్లా సవరలను చూడండి. ఎర్రమన్ను పూసిన గోడ, బియ్యప్పిండి, ఒక పుల్ల. వాటితోనే గోడ నిండా మనుషులు, ఏనుగులు, నెమళ్లు!

అన్నపూర్ణ: వాళ్లకి గుప్పెడు పిండి చాలు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది మొదలు మన ఇంట్లో కందిపప్పును గోడకి వేలాడదీసినవాళ్లు లేరు. పైగా నెల తిరక్కుండా మామగారి మీసం మీద ముక్కుపురుగులు పాకుతాయి.

లలిత: అందుకే మూకుట్లో వేయించి చల్లార్చాను. అంటించి, ఆరాక వార్నిష్ పూస్తాను.

అన్నపూర్ణ: ఎండుమిరపకాయలు దేనికి?

లలిత: అత్తయ్యగారి వైపు బాగుంటాయని.

అన్నపూర్ణ: నెమ్మదిగా! పక్క గదిలోనే ఉన్నారు. (ఒక్క క్షణం ఆగి) రెండు చాలు. మరి ఈ సీసా జిగురెందుకు? చింతగింజలు లేవా? పూరీ దగ్గర రఘురాజ్‌పూర్‌లో పటచిత్రాల వాళ్లు గుడ్డకి పట్టించేది ఆ జిగురే.

లలిత: గింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించేసరికి మామగారికి సహస్ర చంద్ర దర్శనం చేయవచ్చు.

అన్నపూర్ణ: అయ్యో, ఫ్రేమంతా ఒకేసారి పూసేస్తున్నావా? ఇవతలికి రా! జానెడు పూసి, అది నింపాకే మరో జానెడు. లేకపోతే నువ్వు గింజ ఏరేలోపు జిగురు ఆరిపోతుంది. పెద్దవి ముందు. ఆవాలు ఆఖరున, సందుల్లోకి.

లలిత: అక్కా, మీరు వద్దన్నారు కదా?

అన్నపూర్ణ: వద్దన్నాను. వంకరగా అంటించమనలేదు. ఇదిగో, ఈ లవంగానికి తల లేదు. మొగ్గ రాలినది కూరలోకి సరే, షష్టిపూర్తికి పనికిరాదు. తలలున్నవి ఏరి ఇటివ్వు.

లలిత: మీ చేతికి కందిపప్పు అంటుకుంది.

అన్నపూర్ణ: నా చేతి సంగతి నేను చూసుకుంటాను. అనాసపువ్వులేవి?

లలిత: డబ్బాలో ఉన్నవి ఇవే. ఎనిమిది రేకులూ ఉన్నవి మూడే దొరికాయి. మిగిలినవన్నీ విరిగినవే.

అన్నపూర్ణ: మూడు మూలలకే పెడితే నాలుగో మూల బోసిగా ఉండదూ?

లలిత: అక్కడ మిరపకాయ పెడదాం.

అన్నపూర్ణ: చూడగానే అత్తయ్యగారు ఆ మూలే ఎందుకని అడుగుతారు, నీ పేరే చెబుతాను. ఉండు. ఆ స్టూలు ఇలా జరుపు. అటక మీద, బియ్యం డబ్బా వెనక, ఎర్ర మూత డబ్బా ఉంటుంది...

లలిత: (దించి, మూత తీసి) అక్కా! జాజికాయ, జాపత్రి, యాలకులు... అనాసపువ్వులు ఒక్కటీ విరగలేదే!

అన్నపూర్ణ: ఊరికే కదపకు, విరుగుతాయి.

లలిత: పోయిన నెల మా అన్నయ్య వచ్చినప్పుడు మసాలా దినుసులన్నీ అయిపోయాయన్నారు! పాపం, ఉత్త అల్లం వేసి కోడికూర పెట్టారు!

అన్నపూర్ణ: జిగురు ఆరిపోతోంది లలితా. మాట్లాడకుండా అంటించు.