మళ్ళీ వేలిముద్రల కాలం

మా అమ్మ అరవై దాటాక సంతకం నేర్చుకుంది. అంతకుముందు ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా ఎడమచేతి బొటనవేలు చాపేది. గుమస్తా ఆ వేలిని పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి దొర్లించి వదిలేసేవాడు. ఆ మరక రెండు రోజులు పోయేది కాదు. ఆ రెండు రోజులూ ఆవిడ ఆ చేతిని కొంగుచాటునే ఉంచుకునేది. చివరికి మా అన్నయ్య కొడుకు, అప్పుడు వాడిది నాలుగో తరగతి, నాయనమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని పేరు దిద్దించాడు. సంతకం వచ్చిన రోజు ఆవిడ పాత కేలెండర్ వెనక మొత్తం తన పేరే రాసుకుంది.

ఆ మనవడికే మొన్న ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అందులో మోకాళ్ళ సంగతి, వాడి పెళ్ళి సంగతి, రాత్రుళ్ళు త్వరగా పడుకోమని హెచ్చరిక, మధ్యలో ఒక దగ్గు, చివర్లో "ఉంటాను మరి" అని మూడుసార్లు ఉన్నాయి. నలభై సెకన్లలో జవాబొచ్చింది. ఒక బొటనవేలు. పచ్చగా, నిటారుగా, ఏ సందేహమూ లేకుండా. వాయిస్ మెసేజ్‌ని రెండింతల వేగంతో వినే సదుపాయం వాట్సాప్‌లో 2021లోనే వచ్చింది గానీ, నాలుగు నిమిషాలను నలభై సెకన్లలో వినే సదుపాయం నాకు తెలిసి ఇంకా రాలేదు.

అమ్మ ఫోన్ నా ముందు పెట్టింది. "వీడు చదువు మర్చిపోయాడేంట్రా? వేలిముద్ర వేసి పంపాడు" అంది.

నవ్వబోయి ఆగాను. ఆవిడకి సరైన సంజాయిషీ ఇవ్వాల్సిన బాధ్యత చదువుకున్నవాళ్ళందరి మీదా ఉంది. అందరి తరఫునా నేనిస్తున్నాను.

అమ్మా, ముందుగా నువ్వు ఒకటి గమనించాలి. వేలిముద్రను మేం వదిలెయ్యలేదు, దానికి ప్రమోషన్ ఇచ్చాం. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రేపు ఈ కాగితం నాది కాదంటాడేమోనన్న అనుమానంతో ఒక కాంట్రాక్టరు చేత అరచేయంతా సిరా పూయించి ఒప్పందం మీద వేయించాడు. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు మేం అక్షరాలు నేర్చుకున్నాం, నేర్పించాం, నేర్చుకోనివాళ్ళను చూసి నవ్వాం. "వేలిముద్రగాడు" అని ఒక తిట్టు కూడా తయారుచేసుకున్నాం. ఇంత శ్రమా అయ్యాక 2009 ఫిబ్రవరి 9న ఫేస్‌బుక్ బొటనవేలు గుర్తుతో లైక్ బటన్ తెచ్చింది. 2013లో ఐఫోన్ 5ఎస్ వేలు ఆనిస్తే తెరుచుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు పీహెచ్‌డీలు చేసినవాళ్ళకి కూడా తలుపు తియ్యాలంటే వేలిముద్ర, లోపలికెళ్ళి నలుగురితో మాట్లాడాలన్నా వేలిముద్ర. ఒక్క తేడా మాత్రం ఉంది. సిరా అంటదు. కొంగు అవసరం లేదు.

నీ మనవడు వేసిన వేలిముద్ర చెల్లదనుకుంటున్నావేమో, చెల్లుతుంది. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతుకి ధాన్యం కొనే కంపెనీవాళ్ళు అవిసె గింజల ఒప్పందం ఫొటో తీసి ఫోన్‌కి పంపారు. ఆయన బదులుగా బొటనవేలు పంపాడు. తీరా గింజలు తోలలేదు. అదేమంటే, "కాగితం అందిందని చెప్పానంతే, ఒప్పుకున్నానని కాదు" అన్నాడు. 2023లో అక్కడి కోర్టు ఆ బొటనవేలిని సంతకం కిందే లెక్కగట్టి, దాదాపు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. మరుసటి ఏడాది పై కోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఈ లెక్కన నీ మనవడు నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లలో నువ్వు పెట్టిన షరతులన్నిటికీ ఒప్పుకున్నట్టే. పెళ్ళితో సహా. మంచి లాయరు దొరికితే చెప్పు.

జవాబు రాలేదని బాధపడటం కూడా ఈ విద్య చరిత్ర తెలియకపోవడం వల్లే. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే ఇంజినీరు పంపాడు, "మెర్రీ క్రిస్మస్" అని. అందుకున్న రిచర్డ్ జార్విస్ జవాబివ్వలేదు. ఇవ్వలేకపోయాడు, ఎందుకంటే ఆయన ఫోన్‌కి మెసేజ్ అందుకోవడమే తప్ప పంపడం రాదు. చూసి ఊరుకోవడమనేది మనుషుల్లో వచ్చిన మార్పు అనుకుంటారు చాలామంది. కాదు, అది ఈ యంత్రం పుట్టుమచ్చ. తర్వాత ఫోన్లకి జవాబు పంపే తెలివి వచ్చింది. అప్పటికి మనకి అలవాటు తప్పింది.

ఆ ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలే ఎందుకో తెలుసా? 1985 ప్రాంతంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజినీరు టైపురైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలు, ప్రశ్నలు కొట్టి లెక్కపెట్టుకున్నాడు. దాదాపు ప్రతిదీ 160లోపే అయిపోయింది. మనిషి మనిషితో చెప్పాల్సిందింతేనని తేల్చాడు. అప్పట్లో కొందరు ఇది మరీ పిసినారితనం అన్నారట. పాపం, ఆయన ఎంత దుబారా మనిషో ఇప్పుడు తెలుస్తోంది. 160 అక్షరాలిస్తే మనం ఒక్క బొమ్మతో సరిపెట్టి మిగతా 159 తిరిగిచ్చేశాం.

ఇక రసాల సంగతి. మన పెద్దలు తొమ్మిదన్నారు. 2022లో వాట్సాప్ మెసేజ్‌లకి రియాక్షన్లు తెచ్చినప్పుడు ఆరింటితో మొదలుపెట్టింది: బొటనవేలు, గుండె, నవ్వు, ఆశ్చర్యం, కన్నీటిబొట్టు, జోడించిన చేతులు. రౌద్రానికీ బీభత్సానికీ అందులో చోటు లేదు. వాటి కోసం కుటుంబ గ్రూపులు ఉండనే ఉన్నాయి.

మా గ్రూపులో డెబ్భై ముగ్గురం. ఓ పొద్దున దూరపు బంధువు ఒకాయన పోయారని వార్త వచ్చింది. చూసిన ప్రతివాళ్ళూ జోడించిన చేతులు పెడుతున్నారు. మధ్యలో మా మేనమామ బొటనవేలు పెట్టాడు. వార్త అందిందనే ఆయన ఉద్దేశం, ఆ కెనడా రైతు లాగే. కానీ పోయినాయనకీ మామయ్యకీ పొలం గట్టు తగాదా ఉందని అందరికీ తెలుసు. గ్రూపు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. డెబ్భై రెండు మంది డెబ్భై రెండు విడి చాట్‌లలోకి వెళ్ళారు. గంట తర్వాత మామయ్యకి విషయం తెలిసి, కంగారులో వేలు తీసేయబోయి నవ్వుముఖం నొక్కాడు. ఆయన్ని సమర్థిస్తూ నేను మూడు పేరాలు రాశాను. దానికి నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. అవి నా వాదనకో, మామయ్య నవ్వుకో ఇప్పటికీ తేలలేదు.

నీలి టిక్కుల గురించి ఇక్కడ ఒక్క మాట. 2014 నవంబరులో అవి రాకముందు జవాబివ్వనివాడికి వంద సాకులుండేవి. ఉత్తరం అందలేదు, ఊళ్ళో లేను, సిగ్నల్ లేదు. టిక్కులు నీలంగా మారిన రోజు నుంచీ "చూశాడు, కానీ పలకలేదు" అనే నేరం సాక్ష్యంతో సహా రుజువవుతోంది. దాంతో మర్యాదస్తులు కొత్త మర్యాద కనిపెట్టారు. మెసేజ్ తెరవకుండా పైన కనిపించినంత మేర చదివి, తెలియనట్టే ఉండి, సాయంత్రం తెరిచి "అయ్యో, ఇప్పుడే చూస్తున్నా" అంటారు. పూర్వం అబద్ధం ఆడాలంటే కాస్త ఊహాశక్తి కావాల్సొచ్చేది. ఇప్పుడు ఓపిక చాలు.

చదువు మాటకొస్తే, ఈ రంగంలో మన ఏకలవ్యుడిని మించిన దూరవిద్యార్థి లేడు. గురువు లేడు, మట్టిబొమ్మ ఉంది. దాని ముందు నిలబడి విలువిద్య మొత్తం నేర్చేశాడు. 2020లో బడులు మూతపడి 190కి పైగా దేశాల్లో 150 కోట్లకు పైగా పిల్లలు ఇళ్ళలో ఉండిపోయినప్పుడు మనం ఈ పద్ధతినే అందుకున్నాం, చిన్న సవరణతో. ఈసారి గురువు సజీవంగా ఉన్నాడు, శిష్యులే బొమ్మలు. నల్లటి గళ్ళు, గడికో పేరు. వాటికేసి చూస్తూ మాస్టారు త్రికోణమితి చెప్పేవాడు. "వినిపిస్తోందా?" అంటే ఒక గడి "వినిపిస్తోంది సార్" అనేది, మిగతా యాభై తొమ్మిది గళ్ళూ బొటనవేళ్ళు ఎత్తేవి. మట్టిబొమ్మతో నేర్చుకోవడం ఏకలవ్యుడికి సాధ్యమైంది. మట్టిబొమ్మలకి నేర్పడం ఎవరికైనా సాధ్యమా అన్నది ఆ మాస్టార్లనే అడగాలి. అడిగితే వాళ్ళు మైక్ ఆన్ చేసుకోవడం మర్చిపోయి జవాబు చెబుతారు.

గురుదక్షిణ విషయం తల్చుకుంటేనే భయమేస్తుంది. ద్రోణాచార్యుడు ఏకలవ్యుడి బొటనవేలు అడిగితే విలువిద్య ఒక్కటే పోయింది. ఈనాడు ఏ గురువైనా ఆ వేలు అడిగాడా, కుర్రాడి హాజరు పోతుంది, స్నేహితులు పోతారు, ఫోనే తెరుచుకోదు.

జ్ఞాపకశక్తి తగ్గుతోందని కూడా కొందరు దిగులు పడుతున్నారు. 2011లో బెట్సీ స్పారో బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఒక సంగతి కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుందని తెలిస్తే మనుషులు ఆ సంగతి కంటే, అది ఏ ఫోల్డర్‌లో ఉందో బాగా గుర్తుపెట్టుకుంటున్నారట. నేను ఆ దశ కూడా దాటేశాను. బోర్డు మీద రాసింది ఫొటో తీస్తాను, పాఠం వీడియో "తర్వాత చూద్దాం" అని దాచుకుంటాను. దాచిన క్షణంలోనే, చదివేసినంత తృప్తి కలుగుతుంది. ఏ ఫోల్డర్ అని మాత్రం అడక్కండి.

దాచుకున్నవి చూడటానికి టైమెక్కడిది? 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్, పేజీ అడుగుకి చేరితే "తర్వాతి పేజీ" అని నొక్కే శ్రమ కూడా లేకుండా తెర దానంతటదే కిందికి సాగే ఏర్పాటు చేశాడు. తర్వాత చేసినందుకు నొచ్చుకున్నాడు కూడా, ఆ సంగతి కింద ఎక్కడో ఉంటుంది, ఇంకాస్త జరపండి. బావికి అడుగు ఉన్నప్పుడు చేద తగిలి చప్పుడయ్యేది, తోడటం ఆపేవాళ్ళం. ఇప్పుడు అర్ధరాత్రి ఒంటిగంటకి మనిషంతా పడుకునే ఉంటాడు, బొటనవేలు ఒక్కటే నడుస్తూ ఉంటుంది. దానికి మోకాళ్ళ నొప్పులు కూడా లేవు.

గొంతు విషయంలో మాత్రం నువ్వు పాతకాలం మనిషివే అమ్మా. ముందు "ఇప్పుడు చెయ్యొచ్చా?" అని మెసేజ్ పెట్టకుండా ఫోన్ చెయ్యడం ఇవాళ తలుపు తట్టకుండా పడగ్గదిలోకి రావడంతో సమానం. 2005లో జస్టిన్ క్రూగర్, ఇంకొందరు మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. కొన్ని మాటలు నిజంగా, కొన్ని వెటకారంగా ఈమెయిల్‌లో పంపమన్నారు. అవతలివాళ్ళు నూటికి 78 సార్లు సరిగ్గా పట్టుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. పట్టుకున్నది 56. నాణెం ఎగరేసినా 50 వస్తాయి. అవే మాటలు గొంతుతో చెప్తే లెక్క నాలుగింట మూడు వంతుల దగ్గరికి వెళ్ళింది. అంటే నేను రాస్తున్న ఈ వ్యాసం చదివేవాళ్ళలో చాలామంది నన్ను టెక్నాలజీకి పరమ భక్తుడనే అనుకుంటారు. వాళ్ళ అభిమానానికి కృతజ్ఞుణ్ణి.

ఇదంతా అమ్మకి ఓపిగ్గా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డుపడలేదు. అయ్యాక, "అయితే వాడికి నేను కూడా వేలే పంపాలా?" అని అడిగింది. పంపొచ్చన్నాను. కాసేపు ఆలోచించి, లోపలికెళ్ళి కాగితం, పెన్ను తెచ్చుకుంది. తన పేరు రాసింది. నాలుగక్షరాలకి రెండు నిమిషాలు పట్టింది. ఫొటో తీయించుకుని మనవడికి పంపింది.

టిక్కులు నీలమయ్యాయి. "టైపింగ్" అని కనబడింది. ఆగింది. మళ్ళీ కనబడింది. మళ్ళీ ఆగింది. ఇంతలో నా ఫోన్ మోగింది. ముందు మెసేజ్ కూడా పెట్టకుండా వాడు ఫోన్ చెయ్యడం ఈ ఏడాదిలో అదే మొదటిసారి.

"బాబాయ్, నాయనమ్మ ఫోన్ ఎవరైనా హ్యాక్ చేశారా? సంతకం ఫొటో తీసి పంపింది. ఎవడైనా ఫోన్ చేసి అడిగాడేమో కనుక్కో. అలా ఎవరికీ పంపొద్దని చెప్పు."

"ఎవరికీ పంపలేదురా, నీకే పంపింది."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "మొదటి అక్షరం ఇంకా వంకరగానే రాస్తోంది" అన్నాడు. మీటింగ్ ఉందని పెట్టేశాడు.

"ఏమంటున్నాడు?" అంది అమ్మ.

"మొదటి అక్షరం వంకరగా ఉందట."

"వాడే కదా అలా నేర్పింది" అంది.